గడియ పడే తలుపు

బల్ల అవతలి కొసన కూర్చున్న పరంధామయ్య దగ్గడానికని లేచి నిలబడ్డాడు. ఇవతలి కొసన ఉన్న భానుప్రియ బల్లతో సహా వాలిపోయి డాక్టరు కాళ్ల దగ్గర పడింది. డాక్టరు రాస్తున్న చీటీ మీంచి తల ఎత్తకుండానే, "నాలుక చాపు" అన్నాడు. ఆ పిల్ల పడిన చోటి నుంచే చాపింది. ఏం బాధ అని అడిగితే తలనొప్పి అంది. మాత్రలు రాసిచ్చాడు.

బంగారుపాళ్యంలోని ఆ డాక్టరు గదికి తలుపు లేదు, పూల కర్టెన్ ఉంది. ఒకరిని చూస్తుండగానే తర్వాతి వాళ్లు లోపలికొచ్చి బల్ల మీద కూర్చోవాలి. ఒకరి రోగం అందరూ వింటారు, తోచిన వైద్యం చెబుతారు. పదిహేనేళ్ల భానుప్రియను అక్కడికి తీసుకుపోయింది మేనత్త మునిరత్నమ్మ. ఆ డాక్టరు హస్తవాసి మీద ఆమెకు గట్టి గురి. ఆమె మోకాళ్లూ, మొగుడి కామెర్లూ ఆ చేతి మీదే నయమయ్యాయి. ఇక తమ్ముడి కూతురి తల ఒక లెక్కా.

పిల్ల తల్లి చెంగమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పండ్లు కోస్తుంది. మాత్రలు మింగుతున్నా కూతురు నెలనెలా కడుపు పట్టుకుని ముడుచుకుపోవడం, బడి మానడం గమనించింది.

"నొప్పి తలలో కాదు గదే. ఆడ ఎందుకు చెప్పలేదు?"

"పరంధామయ్య తాత వింటా ఉన్నాడు మా."

చెంగమ్మ నేరుగా పక్కింట్లో ఉన్న వదినె దగ్గరికి పోయి, ఇకమీద డాక్టర్ని తానే చూస్తానంది.

"మామిడిపండ్లు కోసేదానివి, డాక్టర్లను ఎంచేదానివి అయినావా మే?" అంది మునిరత్నమ్మ. "నువ్వు పనికి పోతే దాన్ని సాకింది నేను."

"సాకినావు వదినా. అయినా ఆ కడుపునొప్పి సంగతి బిడ్డ నీకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు."

"ఆడదానికి అది మామూలే. నేను పడలేదా?"

"పడినావు గాబట్టే నీకు ఇంత కోపం."

అంతటితో ఇద్దరి మధ్య మాటలు తెగాయి. కుళాయి దగ్గర ఎదురైతే బిందెలు మాత్రం గట్టిగా చప్పుడు చేసేవి.

సెలవు రోజున చెంగమ్మ ఒంటరిగా చిత్తూరు పోయింది. బోర్డుల మీది చదువులు ఆమెకు పట్టలేదు. ఆసుపత్రి తర్వాత ఆసుపత్రిలో కూర్చుని డాక్టరు గది వైపే చూసింది. ఒకచోట కాంపౌండరు వచ్చి అడిగాడు.

"ఎవరికమ్మా చూపించాల?"

"బిడ్డకు."

"బిడ్డ యాడ?"

"ఇంట్లో ఉండాది. మీ గది తలుపుకు గడియ ఉండాదా అప్పా?"

అతను ఆమెను పిచ్చి డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు. సాయంత్రానికి ఒక లేడీ డాక్టరు దగ్గర, మనిషి లోపలికి పోగానే తలుపు మూసి గడియ పెట్టడం కనిపించింది. చెంగమ్మ అక్కడే బిడ్డ పేరున చీటీ రాయించుకుంది.

కూతురితో బస్సెక్కిన నాడు, పిలవకుండానే మునిరత్నమ్మ కూడా ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. చిత్తూరు వచ్చేదాకా వెనక్కి తిరగలేదు. ఆసుపత్రిలో మాత్రం అందరికన్నా ముందు లోపలికి దూరి, పిల్ల జాతకమంతా చెప్పబోయింది. డాక్టరమ్మ విని, "ముందు నేను అమ్మాయితో మాట్లాడతాను. మీరిద్దరూ బయట కూర్చోండి" అంది.

తనను కూడా పొమ్మంటుందని చెంగమ్మ అనుకోలేదు. కుర్చీలోంచి లేవడానికి కాస్త సేపు పట్టింది. కూతురు ఆమె వైపు చూసి, చూపు దించుకుంది. చెంగమ్మ బయటికి నడిచింది, వెనకే మునిరత్నమ్మ.

నర్సు లోపలి నుంచి గడియ పెట్టింది. తలుపు సందులో మునిరత్నమ్మ పైట కొంగు ఇరుక్కుంది. లాగితే రాలేదు. తలుపు తట్టబోతే చెంగమ్మ ఆ చేతిని పట్టుకుంది. లోపల భానుప్రియ గొంతు వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు గానీ, ఆగకుండా మాట్లాడుతోంది.

వరండాలో ఉన్నవాళ్లంతా చూస్తుండగా మునిరత్నమ్మ తలుపుకు అతుక్కుని నిలబడి, పళ్లు కొరికింది.

"కన్నతల్లిని బయటికి తరిమి తలుపేసుకునేది, అదేం డాక్టరు మే?"

"ఆ తలుపు కోసరమే గదా వదినా, ఇంత దూరం వచ్చినాము."