అమ్మ అడిగే మాట

బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్లే బస్సులో నా పక్కనాయన సినిమా కథలు రాస్తానన్నాడు. "దయ్యాన్ని ఎప్పుడైనా చూశారా అమ్మా?" అని అడిగాడు.

"దయ్యం కాదు సారూ, మా అమ్మ కనిపిస్తది," అన్నాను.

చనిపోయిన అమ్మ ఇప్పపూల బుట్ట చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "తిన్నవా బిడ్డా?" అని అడుగుతుంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని ఆ సంగతి ఆయనకు చెప్పాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. మద్దేడులో దిగుతూ నాకు దండం పెట్టాడు.

రెండేళ్ల తర్వాత భద్రాచలంలో ఓ దయ్యాల సినిమాకు వెళ్లాను. తెర మీద గుమ్మంలో అదే బుట్ట. జుట్టు విరబోసుకున్న దయ్యం నెత్తుటి నోటితో, "తిన్నవా బిడ్డా?" అంది.

నాకు దండం పెట్టిన చేతులతోనే ఇది రాశాడాయన.

హాలంతా కెవ్వుమంది. నేను మాత్రం, "తిన్ననే అమ్మా," అన్నాను.