ఓరెన్ రాకూడని మ్యాచ్

మా డ్రై ఫోర్క్‌లో నవంబరు వచ్చిందంటే మనుషులకు మతి ఉండదు. హైస్కూలు ఫుట్‌బాల్ జట్టు, ఓడితే ఇంటికే అనే ప్లేఆఫ్‌కి చేరిందా, ఇక పత్తి గురించి గానీ వాన గురించి గానీ మాట్లాడే నాథుడు కనపడడు. నా కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర పొద్దున్నే చేరే ముసలాళ్ళకు అదే లోకం. ఈ ఏడాది మరీ ముదిరింది. జట్టు ఇంతవరకూ ఒక్క మ్యాచ్ ఓడలేదు మరి. రాష్ట్ర కప్పు ఇంకా ఎక్కడో ఉండగానే, స్కూలు బీరువాలో దాన్ని ఏ అరలో పెట్టాలో కూడా తేల్చేసుకున్నారు.

ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళలో ఓరెన్ టాలీ ఒకడు. కౌంటీ మట్టిరోడ్లు చదును చేసే బండి నడిపి నడిపి రిటైరైన మనిషి. పది మాటలు అడిగితే ఒకటి చెబుతాడు. కూతురు నర్సు ఉద్యోగం పేరుతో ఊళ్ళు తిరుగుతుంటే, మనవడు బ్రైస్‌ని చిన్నప్పటి నుంచీ ఆయనే పెంచాడు. మాది బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్; ఆ జట్టులో బ్రైస్ సెంటర్. వంగి, బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనకవాడి చేతికి అందించి, ఆ మరుక్షణమే మీదికొచ్చేవాడికి అడ్డంపడాలి. వాడికి ఆ పని నేర్పింది ఓరెనే. పెరట్లో వెనక నిలబడి ఆ బంతులు పట్టీ పట్టీ ఆయన చిటికెనవేలు వంకరపోయింది.

బ్రైస్‌కి స్కూల్లో ఇదే ఆఖరి ఏడు. ఏ కాలేజీ జట్టూ పిలవలేదు. ప్లేఆఫ్‌లో ఓడిన రోజుతో వాడి ఆట సరి.

బుధవారం పొద్దున డబ్ స్ట్రిక్‌లండ్ గొంతు సవరించుకున్నాడు. అభిమానుల సంఘానికి పెద్ద. ఉతికితే జట్టు ఓడుతుందని సెప్టెంబరు నుంచి టోపీ ఉతకని మనిషి.

"ఓరెన్, ఏమీ అనుకోకురా. శనివారం ఆ దూరపు ఊళ్ళో ప్లేఆఫ్‌కి నువ్వు రాకపోతేనే బాగుంటుంది."

"ఏం?"

"నువ్వొచ్చిన ప్లేఆఫ్ ఒక్కటన్నా గెలిచామా, నువ్వే చెప్పు. నీకు కడుపు ఆపరేషన్ అయి మంచం మీదున్న ఏడు గెలిచాం. ప్లేఆఫ్‌కి నీ పాదం కలిసి రావట్లేదురా. నేనొక్కణ్ణే కాదు, ఊరంతా అదే అంటోంది."

"నేననలేదు" అన్నాడు పక్కనున్న మర్ల్. మళ్ళీ తనే, "అంటే, ముందుగా నేననలేదు" అని గొణిగాడు.

నాకు ఒళ్ళు మండింది. కాఫీ కూజా బల్ల మీద ఠపీమని పెట్టాను. "ఈ ఏడు మామూలు మ్యాచ్‌లన్నిటికీ వచ్చాడుగా. గెలిచారుగా?"

"అవి వేరు, ఇవి వేరు."

"సరే, ఈయన రాకుండా గెలిచారే అనుకో. వచ్చే వారం రావచ్చా?"

డబ్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "కలిసొచ్చినదాన్ని ఎవరన్నా కదుపుతారా? అప్పుడూ రాకూడదు."

"ఓడితే?"

"ఓడితే ఇంక మ్యాచే లేదుగా!"

అంటే ఎటు తిరిగినా ఈయన మనవడి ఆట చూసేది లేదన్నమాట. ఆ సంగతి డబ్‌కి తట్టనే లేదు. ఓరెన్‌కి మాత్రం తట్టింది, మొహంలో కనిపించింది. కప్పు పక్కకి జరిపి, "పిల్లలు గెలవాలి గదా. సరే" అన్నాడు. ఛీ, ఆ 'సరే' వినగానే డబ్ మీద కన్నా ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

శుక్రవారం స్కూలు నుంచి బ్రైస్ నేరుగా హోటలుకొచ్చాడు. పాప్ అని పిలుచుకునే తాత ఎదురుగా కూలబడ్డాడు.

"పాప్, నువ్వు రావట్లేదంట?"

"మోకాలు నొప్పిరా. అంతసేపు కార్లో కూర్చోలేను."

"అబద్ధాలాడకు. డబ్ సంగతి నాకు తెలుసు. ఓడితే ఓడతాం, నువ్వు రా."

"అలా అనకూడదు. మీ జట్టువాళ్ళ ముందు ఆ మాట అనగలవా?"

వాడు అనలేడు. ఊరంతా వాడి నెత్తి మీదా కూర్చునే ఉంది.

శనివారం కార్ల అద్దాల మీద తెల్ల రంగుతో ఆటగాళ్ళ పేర్లు రాసుకుని ఊరు ఊరంతా కదిలిపోయింది. పెట్రోలు బంకు కూడా మూసేశారు. నేను పంతం కొద్దీ వెళ్ళలేదు. ఓరెన్ హోటలుకొస్తే రేడియో పెట్టాను.

రేడియోలో మ్యాచ్ వినడం వేరే నరకం. బంతి ఎవడి చేతిలో ఉంటే వాడి పేరే చెబుతారు. బంతి ప్రతిసారీ బ్రైస్ చేతుల్లోంచే బయల్దేరుతుంది, పేరు మాత్రం వెనకవాడిది. బంతి కదిలిన ప్రతిసారీ ఓరెన్ ముందుకు వంగి చెవి పెట్టేవాడు. తర్వాత వెనక్కి వాలేవాడు. ఆపిల్ పై ముక్క తెచ్చిపెడితే ముట్టలేదు.

ఆఖర్న మావాళ్ళు పరిగెడుతూ బంతి జారవిడిచారు. అవతలివాళ్ళు అందుకున్నారు. అంతే, ఓడిపోయాం. రేడియోవాడు 'గుండెలు పగిలిపోయే ఓటమి' అంటూ ఊదరగొట్టేస్తుంటే నేను ఆపేశాను. ఓరెన్ టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం అందరూ మళ్ళీ అదే బల్ల దగ్గర చేరారు. డబ్ మొహం పీక్కుపోయి ఉంది. ఓరెన్ కూర్చోగానే ఆ పెద్దమనిషి అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"రేడియో గానీ పెట్టావేమిట్రా?"

కూజాలో ఉన్నదంతా వాడి నెత్తిన పోసేద్దామనిపించింది. ఓరెన్‌కి మాత్రం కోపం రాలేదు.

"విన్నాను. మావాడి పేరు ఒక్కసారీ చెప్పలేదు" అన్నాడు. "వాణ్ణి అడిగితే 'ఓడిపోయాం గదా పాప్, ఇంకేం చెప్పను' అంటున్నాడు. మీరంతా అక్కడే ఉన్నారుగా. మావాడు ఎలా ఆడాడు?"

డబ్ మర్ల్ వైపు చూశాడు. మర్ల్ కిటికీ వైపు చూశాడు.

"బాగానే..." అన్నాడు డబ్ చివరికి. "బాగానే ఆడి ఉంటాడు."