చూరు నీళ్ళు పడే చోట

తొంభైల చివర మండపేటలో మేమున్న పెంకుటింటికి ముందు వసారా, మధ్యలో ఒక గది, వెనక వంటిల్లు. మా ఆయన రైసుమిల్లులో గుమస్తా. నేను ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని, సాయంత్రాలు వసారాలో ట్యూషన్లు చెప్పేదాన్ని. ఆ వసారాలోనే మా అత్తగారి నులక మంచం ఉండేది. పిల్లలు రాగానే ఆవిడ మంచం ఎత్తి గోడకు నిలబెట్టి, పీట, చేట తీసుకుని ఇంటి పక్కగా వెళ్ళి చూరు కింద కూర్చునేవారు. వెళ్ళమని నేనెప్పుడూ అనలేదు. ఉండమని కూడా అనలేదు.

ఆ పక్కనే మా గది కిటికీ. ట్యూషన్ అయ్యాక నేనూ మా ఆయనా గదిలో టీ తాగుతూ మాట్లాడుకునేటప్పుడు, కిటికీ అవతల చేట చప్పుడు ఆగిపోయేది. నాకు ఒంటికి కారం రాసినట్టుండేది. వానాకాలంలో చూరు నీళ్ళు పడి నేలమీద వరసగా చిన్న చిన్న గుంటలు పడతాయి కదా, సరిగ్గా మా కిటికీ దగ్గర ఆ వరస చెదిరిపోయి ఆవిడ పాదాల గుర్తులుండేవి. మా ఆయన్ని లాక్కెళ్ళి చూపించాను కూడా.

"వాన పడుతుంటే ఇంకెక్కడ నుంచుంటుంది మరి?" అన్నారాయన.

ఒకరోజు ట్యూషన్లో ఒక పిల్ల అడిగింది. "టీచర్, ఈవ్స్‌డ్రాపింగ్ అంటే ఏంటండీ?"

నాకు ముచ్చటైన మాట అది. స్కూల్లో ఉన్న లావుపాటి డిక్షనరీలో దాని పుట్టుక చదివాను. మనం పొంచి వినడం అంటాం. పొంచడం పిల్లి చేసే పని, ఎలక కోసం. ఇంగ్లీషువాళ్ళు మనిషి బుద్ధిని వదిలేసి, నిలబడ్డ చోటును బట్టి పేరు పెట్టారు. ఈవ్స్ అంటే చూరు. చూరు నీళ్ళు కారి పడే జాగాని వెనకటి రోజుల్లో ఈవ్స్‌డ్రాప్ అనేవారు. ఆ జాగాలో నిలబడి ఇంట్లో మాటలు వినేవాడు ఈవ్స్‌డ్రాపర్.

అక్కడితో ఊరుకుంటే అది పాఠమే. నేను గొంతు పెంచాను. "ఇదిగో, ఇలాంటి చూరు కిందేనర్రా. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టే ఉంటారు, ఓ చెవి మాత్రం ఇంట్లో పడేస్తారు. అలాంటివాళ్ళు ఇంగ్లండులోనే ఉంటారనుకోకండి."

చివర కూర్చున్న పిల్ల మెడ సాచి ఇంటి పక్కకు చూసి కిసుక్కున నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు గానీ నేను చెప్పింది శుభ్రమైన తెలుగులో. చేట చప్పుడు ఆగలేదు. ఇంకాస్త గట్టిగా వినిపించింది.

మర్నాటి నుంచి ఆవిడ పీట దొడ్డి చివర కుళాయి దగ్గరకు మారింది. అక్కడ నీడ లేదు. చినుకులు పడితే గోనెసంచి నెత్తిన వేసుకుని కూర్చునేవారు. లోపలికి రావాలంటే గడప అవతలే ఆగి దగ్గేవారు, సొంత కొడుకు ఇంట్లో. నాకేమో ప్రాణం హాయిగా ఉంది. సిగ్గుచేటు గానీ, పాఠం బాగా చెప్పాననే అనుకున్నాను.

ఇంతకీ ఆ గదిలో మేం మాట్లాడుకునేదంతా ఆవిడ గురించే. ట్యూషన్ పిల్లలు పెరుగుతున్నారు, వసారా చాలడం లేదు. మంచం తీసేస్తే బల్లలు వేయించుకోవచ్చు. ఆవిణ్ణి కొవ్వూరులో మా బావగారింటికి పంపేద్దామని నేను, చూద్దాంలే అని మా ఆయన. ఒక మనిషి ఇక మీదట ఎక్కడ తినాలో, ఎక్కడ పడుకోవాలో ఆ మనిషిని అడగకుండా తేలుస్తూ, ఆ మనిషి వింటోందని నేను మండిపడ్డాను. పొంచి వినడం అన్న మాట ఆవిడకు అసలు నప్పదు. ఆవిడ తన సంగతి తను తెలుసుకోవడానికి అక్కడ నిలబడ్డారు. ఆ ఇంట్లో ఆవిడకు అది తెలిసే చోటు అదొక్కటే.

చివరికి నా మాటే నెగ్గింది. బావగారు సరేనన్నారు. వడ్రంగికి బల్లలు పురమాయించాను. ట్యూషన్ పిల్లలకు చెప్పాను, పాలవాడికి కూడా చెప్పాను. తల్లికి చెప్పడం మాత్రం మా ఆయన రేపు రేపంటూ నెట్టుకొచ్చారు. నేనూ తొందర పెట్టలేదు. ఆవిడకు ఎలాగూ తెలిసే ఉంటుందనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే బావగారు వచ్చి, వసారాలో కాఫీ తాగుతూ, "బట్టలు సర్దుకున్నావా అమ్మా?" అన్నారు.

"ఎక్కడికిరా?" అన్నారావిడ.

ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మా ఆయన తల దించుకుని, "అన్నయ్య దగ్గరికమ్మా. నీకు తెలుసనుకున్నాను. మేం గదిలో ఎప్పట్నుంచో అనుకుంటున్నాంగా" అన్నారు.

ఆవిడ కొడుకుల వైపు చూడలేదు. కంగారుగా నా వైపు తిరిగారు.

"లేదమ్మాయ్, ఒట్టు! నేను వినట్లేదు. కుళాయి దగ్గరే కూర్చుంటున్నాను కదా. నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావుగా."