మార్తమ్మగారు నేర్పిన భయం

మా వీధి మలుపులో ఇస్త్రీ బండి అతను తడి నూలుగుడ్డ మీద బొగ్గుల పెట్టె ఆనించగానే లేచే ఆవిరి వాసన నాకు పడదు. నిన్న మధ్యాహ్నం చీర ఇవ్వడానికి వెళ్లి, ఆ వాసన తగలగానే గోడ పట్టుకుని నిలబడిపోయాను. విశాఖపట్నం ఎండలో ఉన్న నాకు యాంగోన్‌లోని ఒక ఇరుకు వంటగది కనిపించింది. అక్కడ అరవైకి దగ్గరపడిన ఒకావిడ పాత లుంగీలు చింపి, ఉడకబెట్టి, సగం ఆరగానే ఇస్త్రీ చేసి గాయాలకు వాడే కట్టుగుడ్డలుగా చుట్టిపెట్టేవారు. ఇరుగుపొరుగు బర్మావాళ్లు పెద్దావిడన్న గౌరవంతో ఆవిడను ‘డా మార్త’ అనేవారు. నాకు మార్తమ్మగారు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. నర్సు ఉద్యోగం మానేసి, ఒక సేవాసంస్థ తరఫున ఏడాదిపాటు బర్మా పల్లెల్లో పనిచేయడానికి వెళ్లాను. పల్లెకు పంపేముందు రెండు నెలలు యాంగోన్‌లో ఉంచి భాష, పద్ధతులు నేర్పించేవారు. నేర్పించేది మార్తమ్మగారే. ఆవిడా నర్సుగా చేసి మానుకున్న మనిషే. ఆవిడ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి యాంగోన్‌లోనే ఉన్న అహ్లోన్ రేవులోని బియ్యం మిల్లుకు కూలికి వచ్చి అక్కడే స్థిరపడ్డారట. ఆవిడ నోట అచ్చం మా అమ్మమ్మ యాస వినిపించేసరికి నా బెంగ సగం తీరింది. అంతలో ఆవిడ అడిగారు.

“నీకు ఏటంటే బయం?”

“దేనికీ భయం లేదండీ,” అన్నాను గర్వంగా.

ఆవిడ చేతిలోని పుస్తకం మూసేశారు. “అలగైతే ఇంటికెల్లిపో గుంటా. బయం నేదన్నోలతో నాను పని సెయ్యలేను.”

మా అమ్మమ్మ కూడా ఆడపిల్లలను ‘గుంటా’ అనే పిలిచేది కాబట్టి, నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. చివరికి కుక్కలంటే భయమని ఒప్పుకున్నాక పుస్తకం మళ్లీ తెరుచుకుంది. ఆనాటి నుంచి రోజూ ఉదయం ప్రార్థన కాగానే నేనొక భయం పేరు చెప్పాలి.

నెల తిరక్కుండానే సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ఇక భయాలను వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. విమానాలు ఆగిపోయాయి. ఇంటర్నెట్ ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. పగలు జనం నినాదాలిస్తూ వీధుల్లోకి వచ్చేవారు. కాసేపటికి తుపాకుల చప్పుడు, ఆ తర్వాత చెవులు నొప్పెట్టేంత నిశ్శబ్దం. దెబ్బలు తిన్నవాళ్లు ఆసుపత్రికి వెళితే పట్టుకుపోతారని ఇళ్లలోనే దాక్కునేవారు. మార్తమ్మగారు గుట్టుగా వెళ్లి వాళ్లకు కట్లు కట్టి వచ్చేవారు. నా పాఠాలు మాత్రం ఆపలేదు. వంటగది గుమ్మానికి అడ్డంగా సిపాయిలా నిలబడి, “ఎక్కడికి? ఏముంది అందులో?” అని బర్మా భాషలో గద్దించేవారు. ‘అమ్మకు బాగాలేదు, అన్నం తీసుకెళ్తున్నాను’ అని అదే భాషలో నేను జవాబివ్వాలి. బర్మా భాషలో స్వరం మారితే మాట అర్థమే మారిపోతుంది; ‘అమ్మ’ అనేచోట నా గొంతు ఎప్పుడూ తప్పుగానే పలికేది.

“సంచీ కేసి సూడకు. అడిగిందానికే సెప్పు. మల్లీ సెప్పు.”

రోజుకు ఇరవైసార్లు చెప్పించేవారు. అంత నిబ్బరమైన మనిషికి భయమంటే ఏమిటో తెలియదనుకునేదాన్ని.

ఒకరోజు నది అవతల తన్లిన్ నుంచి కబురొచ్చింది. ఒక ఫ్యాక్టరీ అమ్మాయి తొడలో రబ్బరు గుండు దిగి, పుండు చీము పడుతోందట. ఇద్దరం బస్సెక్కాం. నా ఒళ్లో క్యారేజీ. పై గిన్నెలో అన్నం, ఎండుచేపల కూర. కింది రెండింటిలో కట్టుగుడ్డలు, మందులు. వంతెన దగ్గర బస్సు ఆపి ఒక సైనికుడు లోపలికి వచ్చాడు. నా ముందు ఆగి మూత తీయమన్నాడు. తీశాను. కూర వాసన చూసి, కింది గిన్నె వైపు తుపాకీ మొనతో చూపించి, మార్తమ్మగారిని అడిగాడు, “అందులో ఏముంది?”

ఆవిడ నోరు తెరిచారు. మాట రాలేదు. పెదవులు ఆడుతున్నాయి, అంతే. ఆవిడ చెయ్యి నా మోచేతిని బిగించి పట్టుకుంది. గోళ్లు దిగుతున్నాయి. అప్పుడు నా నోట ఆ వాక్యం దానంతటదే వచ్చేసింది. అమ్మకు బాగాలేదు, అన్నం తీసుకెళ్తున్నాను. ‘అమ్మ’ మళ్లీ తప్పే పలికింది. అతను పకపకా నవ్వాడు. మరోసారి చెప్పమన్నాడు. చెప్పాను. ఇంకా నవ్వి, నా ఉచ్చారణను వెక్కిరిస్తూ దిగిపోయాడు.

తన్లిన్‌లో ఆ అమ్మాయి పుండును మార్తమ్మగారే కడిగి కట్టు కట్టారు. తర్వాత వెతికితే పెరట్లో బకెట్ ముందు కూర్చుని, అడిగి తెచ్చుకున్న లుంగీ చుట్టుకుని, తన లుంగీ ఉతుక్కుంటున్నారు. నాకు అర్థమై వెనక్కి తిరగబోయాను.

“ఆగు. సిగ్గేటి? బస్సులోనే తడిపేసినాను,” అన్నారు. లుంగీ నలుపుతూనే చెప్పుకొచ్చారు: “ముప్పై ఏళ్ల కిందట ఇలాగే గొడవలైనాయి. అప్పుడు నాను నీలాటి గుంటనే. నాకేటి బయమని వార్డులో ఉండిపోయినాను. తుపాకులు పేలీసరికి కాళ్లు నా మాట ఇన్లేదు. మంచం మీద ఒకడు నీల్లడిగినాడు. ఒగ్గేసి పారిపోయినాను. ఆడు బతికినాడో నేదో ఇప్పటికీ తెల్దు.”

నేను పక్కన కూర్చుని లుంగీ రెండో కొన పట్టుకుని పిండాను.

మూడు వారాలకు సంస్థ మాకోసం ఒక విమానం ఏర్పాటు చేసి అందరినీ వెనక్కి పిలిచింది. ఉండిపోతానని మొండికేశాను. “ఏటంటే బయం?” అన్నారు మార్తమ్మగారు. పిరికిదానిలా ఇంటికెళ్లాలంటే భయమన్నాను. “నలుగురు ఏటనుకుంటారోనని ఉండిపోతే, నీ కాళ్లూ నీ మాట ఇనవు. ఎల్లు. బయం తెలిసినాక రావొచ్చు,” అన్నారు. వెళ్లిపోయాను. నేను సిద్ధపడిన పల్లెను ఇప్పటికీ చూడలేదు.

మార్తమ్మగారు ఎవరికీ పట్టుబడలేదు. వానాకాలంలో జ్వరం తగిలి తన మంచం మీదే పోయారని ఆవిడ మేనకోడలు చాలా రోజులకు రాసింది. చివరి వారం దాకా తన్లిన్ వంతెన దాటుతూనే ఉన్నారట. ఆ ఫ్యాక్టరీ అమ్మాయి కొద్దిగా కుంటుతూ పనికి వెళ్తోందట.

ఆవిడకు గాయపడ్డవాళ్ల మంచాల దగ్గరికి తిరిగి వెళ్లడానికి ముప్పై ఏళ్లు పట్టింది. నాకు అంతకంటే తక్కువే పట్టింది. బర్మా సరిహద్దులోని శరణార్థి శిబిరాలకు నర్సులు కావాలని ఈ వారం ప్రకటన వచ్చింది. దరఖాస్తు నింపి, నా భయాలన్నీ వేరే కాగితం మీద రాసుకున్నాను. అవి ఒక పేజీలో పట్టలేదు. రెండో పేజీ కూడా నిండాక దరఖాస్తు పంపేశాను.