అత్తారింటి బాతులు

ప్రపంచమంతటా తగ్గిపోతున్న ఎర్రతల బాతుల్ని చూడాలని ఆదిలాబాద్ నుంచి కొల్లేరు దాకా వెళ్లాను. విజయవాడ దాటాక ఎటు చూసినా చేపల చెరువులే. పక్షులు వాలకుండా వాటిమీద మెరుపు రిబ్బన్లు కట్టారు. ఒక్క చెరువుకే రిబ్బన్లు లేవు. లోతు తక్కువ, నీటి నిండా నాచు.

దాని రైతు మస్తాన్ గారు నన్ను గట్టుమీద కూర్చోబెట్టి, "మాట్లాడకండి, ఇప్పుడు లేస్తాయి" అన్నారు. అడుగున నాచు మేస్తున్న బాతులు ఒక్కసారిగా పైకి తేలాయి. చెరువంతా ఎర్రబడింది. ఊపిరి తీసుకోవడం మరిచిపోయాను.

తేరుకున్నాక, నాకు తెలిసింది చెప్పకుండా ఉండలేకపోయాను. "ఇవి మనవి కావండీ. గుడ్లు పెట్టి పొదిగేది ఎక్కడో సైబీరియాలో."

"కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వెళ్లదా అండీ? అయినా కాపురం ఇక్కడేగా."

"ఇందులో చేపలు వెయ్యలేదా?"

"వేస్తే నాచు పీకెయ్యాలండీ. కోడలు తిరిగొచ్చేసరికి వంటింట్లో గింజ లేకపోతే, ఇంకోసారి వస్తుందా?"

నా నోటుబుక్కులో 'ఆవాసం' అన్నచోట 'నాచున్న లోతులేని నీళ్లు' అని ముందే రాసుకున్నాను. దాన్ని కొట్టేసి, 'అత్తారిల్లు' అని రాశాను.