కంచె అవతలి హార్ప్

హార్ప్ నేర్చుకోవడానికి అట్రాక్టా మల్డెరిగ్ గుమ్మం ముందుకు రాగానే సబీనా గాలగ్లీ నోటి నుంచి వచ్చే మొదటి మాట, "చేతులు చూపించు." కుశలమడగడం లేదు, కూర్చోమనడం లేదు. ముసలామె కళ్ళద్దాలు సర్దుకుని గోళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసేది. ఒక్క గోరు విరిగినా సరే, "పో, పెరిగాక రా" అని మొహం మీదే తలుపు వేసేది. వానలో తడుస్తూ వచ్చిన మనిషి ఆ వానలోనే వెనక్కి పోవలసిందే.

ఈ గోళ్ళ గొడవ ఉత్త చాదస్తం కాదు. సబీనా ఇంట్లోని హార్ప్‌కు ఇత్తడి తీగలు. గోరు తగిలితేనే అవి గంటల్లా మోగుతాయి, మోగాయంటే ఒక పట్టాన ఆగవు. అందుకే మీటడం సగం విద్య, మోగిన తీగను సమయానికి వేలితో నొక్కి ఆపడం మిగతా సగం. అట్రాక్టా చిన్నప్పుడు కాన్వెంటులో నేర్చుకున్నది వేరు. అక్కడ పేగుతో చేసిన తీగలు, గోరు తగలకుండా మెత్తని వేలి కొసలతో మీటడం, హార్ప్‌ను కుడి భుజానికి ఆనించడం. అదంతా వదిలించడానికే సబీనాకు ఏడాది పట్టింది.

"కుడి భుజం మీద మోసేది బంగాళాదుంపల బస్తాని! హార్ప్ ఎడమ భుజానికి ఆనాలి! నొక్కవే, ఆపు ఆ తీగని! ఒకటి ఆగకుండానే ఇంకొకటి మీటితే అది పాటా? సంతలో గోల. మీ నాన్న కూడా అంతే, ఎక్కడ ఆగాలో తెలిసేది కాదు."

పాఠం ఏదైనా చివరికి అట్రాక్టా తండ్రి దగ్గరికే వచ్చేది. రెండిళ్ళ మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది మరి. పెద్ద మల్డెరిగ్ బతికినన్నాళ్ళూ ప్రతి వసంతంలోనూ కంచె గుంజలు పీకి ఓ అడుగు సబీనా పొలంలోకి జరిపి పాతుతూ పోయాడు. కోర్టుకెక్కడానికి సబీనా దగ్గర కాగితం లేదు, వెనకేసుకు రావడానికి మగదిక్కూ లేదు. చివరికి ఆమె ఇంటి ఊటబావి కంచెకు ఆ పక్కకు పోయింది. అప్పటినుంచీ తన నీళ్ళ కోసం తానే కొండ చుట్టి వాగు దాకా నడిచింది. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగి నా కళ్ళతో చూశాను కనుక చెబుతున్నాను, అది దొంగతనమే. మా ఊళ్ళో దాన్ని అందరూ 'సరిహద్దు' అన్నారు, దొంగతనం అనడానికి నోరు రాక.

అలాంటి మల్డెరిగ్‌ల పిల్లే తన విద్య అడగడానికి వచ్చిందని సబీనాకు ఒళ్ళు మండేది. ఇంకెవరూ రాలేదని మరీ మండేది.

ఇక ఇంట్లో వదిన కన్సెప్టా పోరు. "పేడ ఎత్తడానికి చేతులకు తొడుగులట! మహారాణిగారు! ఆ ముసల్దాని గోళ్ళు చూసి నువ్వూ పెంచుకో, ఇద్దరూ కలిసి రక్కుదురు గాని."

"పని మానేశానా వదినా? నువ్వు చెప్పిందల్లా చేస్తూనే ఉన్నాగా."

"చేస్తున్నావులే, దొరసానిలా."

ఇన్ని మాటలు ఎందుకు పడింది? మా లీట్రిమ్ జిల్లా అంతా వెతికినా ఆ గంటల మోత ఇంకో ఇంట్లో లేదు గనక. సబీనా పోతే అది పోతుంది. ఒక్కో పాటా తిట్లతో కలిపి మింగింది అట్రాక్టా. అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి గాలగ్లీల ఏడుపు పాట. తన తమ్ముడు సరస్సులో మునిగిపోయిన రోజున సబీనా తాత కట్టినది. ఏటా ఆ రోజు వచ్చినప్పుడల్లా సబీనా తలుపు గడియ పెట్టుకుని వాయించేది. కిటికీ కింద తడి గడ్డిలో నక్కి అట్రాక్టా ముక్కలు ముక్కలుగా విన్నది. అడిగితే సబీనా ఒకటే అనేది. "అది నాతో మట్టిలోకి పోతుంది. మల్డెరిగ్ గోటికి మాత్రం తగలదు."

ఆ చలికాలం సబీనా ఛాతీలో జబ్బుతో మంచం పట్టింది. మళ్ళీ లేవదని డాక్టరు చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది. అట్రాక్టా ఒక మధ్యాహ్నం టీ పెట్టి ఇచ్చి, హార్ప్ ఎడమ భుజానికి ఆనించుకుని, తనకు తెలిసిన ముక్కలతో ఆ పాట మొదలుపెట్టింది. తెలియని చోట తోచినట్టు వాయించింది. కావాలనే.

"ఏంటది? ఏంటా కూత?" మంచం మీద సబీనా మోచేతి మీద లేచింది. "అక్కడ కిందికి దిగుతుందే గాడిదా, పైకి కాదు!" అని గొంతెత్తి పాడి వినిపించింది. అట్రాక్టా దిద్దుకుని మళ్ళీ ఇంకోచోట తప్పింది. "ఛీ! ఇలా!" మళ్ళీ పాడింది. తప్పు వినడం ఆ మనిషి వల్ల కాదు, ప్రాణం పోతున్నా సరే. అలా తిట్టుకో ముక్క చొప్పున పాట దాదాపు అంతా గదిలోకి వచ్చేసింది.

చివరి చరణం ముందు సబీనా ఠక్కున ఆగింది. దగ్గు ముంచుకొచ్చింది, అది తగ్గాక అట్రాక్టా కేసి వేలు చూపించింది.

"అడుగు అడుగు చొప్పున," అంది. "అచ్చం మీ నాన్నే. కంచె జరిపినట్టే జరుపుకొచ్చావు కదే, దొంగా!"

అట్రాక్టా మొహం కందిపోయింది. "మరి మీరు ఇస్తే నాకీ దొంగతనం ఎందుకు?"

"మాది మాకు వస్తే చివరిది నీకొస్తుంది. వెళ్ళు."

అట్రాక్టా వెళ్ళి అన్న ఫెస్టస్‌ను అడిగింది. కంచె వెనక్కి జరుపు అన్నయ్యా, ఆ ఊట వాళ్ళది అంది. ఫెస్టస్ చదువుతున్న పేపరు దించకుండానే, "చస్తోందిగా, చావనీ. తర్వాత నీళ్ళెవరికి?" అన్నాడు.

 మర్నాడు తెల్లవారగానే అట్రాక్టా గునపం తీసుకుని పొలంలోకి దిగింది. తొడుగులు ముళ్ళ తీగకు చిరిగాయి, అవతల పారేసింది. గుంజలు ఊడబెరికి, మోసుకెళ్ళి, ఊటకు తమ పొలం వైపు పాతింది. ఆదివారం కావడంతో చర్చి పూజకు పోయే జనమంతా రోడ్డు మీద ఆగి చూశారు. అంతమంది చూశాక మళ్ళీ పీకడానికి ఫెస్టస్‌కు ధైర్యం చాల్లేదు. చెల్లెలి పెట్టె మాత్రం తెచ్చి రోడ్డు మీద పడేశాడు. "ఈ గడప మళ్ళీ తొక్కావో, కాళ్ళు విరగ్గొడతా!"

ఊట నుంచి బకెట్టు నింపుకుని అట్రాక్టా సబీనా మంచం పక్కకు వెళ్ళింది.

"చేతులు చూపించు."

చాపింది. గోరన్నది మిగల్లేదు. వేళ్ళ కొసల్లో రక్తం, మట్టి.

సబీనా ఆ వేళ్ళను ఒక్కొక్కటే తడిమి చూసింది. గ్లాసుడు నీళ్ళు అడిగి తాగింది. మంచి మాట ఒక్కటీ అనలేదు. "ఇవి పెరిగేదాకా నేనుండను. ఆ హార్ప్ ఇలా తే."

దిండ్లు పెట్టి కూర్చోబెడితే తన గోళ్ళతో తానే చివరి చరణం వాయించింది. ఆఖరి తీగ మోగగానే, నేర్చిన అలవాటు కొద్దీ అట్రాక్టా చెయ్యి దాన్ని ఆపడానికి ముందుకొచ్చింది. సబీనా ఆ చేతి మీద ఛెళ్ళున కొట్టింది.

"దీన్ని ఆపకూడదు. పోయినవాడు పోయాడు, తీగ దానంతటదే ఊరుకోవాలి. ఇంకోటి, మల్డెరిగ్‌ల కోసం ఇది వాయించావంటే నీ వేళ్ళు పడిపోతాయి."

ఆ వారంలోనే సబీనా పోయింది. ఇల్లూ హార్ప్ అట్రాక్టాకే రాసిందని తెలిసి ఫెస్టస్ పళ్ళు నూరాడు. తర్వాత అతను బతికినన్నాళ్ళూ కంచె పక్కన ఎదురుపడితే ఉమ్మేసి పోయేవాడు, చర్చిలో బెంచీ మారి కూర్చునేవాడు. అట్రాక్టా మాత్రం తక్కువదా? ఆమె కూడా ఒక్కసారీ తల దించలేదు, పలకరించలేదు. నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లల గోళ్ళు చూసి, విరిగి ఉంటే గుమ్మంలోంచే తిట్టి పంపేది.

ఫెస్టస్ పోయిన రోజు, రావద్దని కన్సెప్టా కబురు పంపింది. అట్రాక్టా వెళ్ళలేదు. హార్ప్ తెచ్చి, కంచెకు ఎదురుగా తన గుమ్మంలో కూర్చుని, గాలగ్లీల ఏడుపు పాట మల్డెరిగ్ కోసం వాయించింది. మా అందరికీ వినబడింది. శవం ఉన్న ఇంట్లోని జనం కిటికీల దగ్గరికి చేరారు.

కన్సెప్టా పెరట్లోకి వచ్చి కంచె మీదుగా అరిచింది. "ఆపవే! ఆపు దాన్ని!"

అట్రాక్టా అప్పటికే ఆఖరి తీగ మీటేసింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, అది మోగినంతసేపూ మోగనిచ్చింది.