అప్పయమ్మ గొంతు, రెండు సెకన్లు

నర్సీపట్నం చెరకు రైతు సింగన్న కూతురు లోవలక్ష్మి 1982లో విశాఖపట్నంలో ఎం.ఇ. చదువుతుండేది. పట్టుబట్టి తీసుకున్న సబ్జెక్టు డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్. గొంతును అంకెలుగా మార్చి, వాటిలోంచి రొద తీసేసి, మళ్ళీ గొంతుగా వినిపించడం ఆమె ప్రాజెక్టు.

దానికి రొదలో మాట్లాడిన గొంతు కావాలి. బెల్లం వండే రోజుల్లో ఇంటికొచ్చి, గానుగ ఇంజను పక్కన అమ్మమ్మ అప్పయమ్మను కూర్చోబెట్టి టేప్ రికార్డర్ ఆన్ చేసింది.

"ఏటి సెప్పమంటావే?"

"నీ ఇష్టం అమ్మమ్మా. మాటాడతా ఉండు, సాలు."

అప్పయమ్మ మొదట సిగ్గుపడింది. తర్వాత ఆగలేదు. ఎవరూ ఎన్నడూ అడగని తన చిన్నతనమంతా క్యాసెట్ అయిపోయేదాకా చెప్పింది.

కంప్యూటర్లో రెండు సెకన్ల గొంతే పట్టేది. తను వింటోందో లేదోనని అమ్మమ్మ మధ్యలో అడిగిన ముక్క ఏరుకుంది లోవలక్ష్మి: "ఓలమ్మీ, ఇంటన్నావా?" మిగతా క్యాసెట్ చెరిపి, వేరే రొదలు కూడా కావాలని దాని మీదే ఫ్యాను చప్పుడూ, బస్సు హారనూ రికార్డు చేసుకుంది. వేసవంతా ఆ ముక్కతోనే కుస్తీ. రొద తీసే ఫిల్టరు బిగిస్తే ఇంజనుతోపాటు అమ్మమ్మా పోయేది; వదులు చేస్తే రొద తిరిగొచ్చేది. అమ్మమ్మకు జ్వరమని కబురొచ్చేసరికి ఫిల్టరు కుదిరేలా ఉంది. అది తేల్చుకుని వెళ్దామనుకుంది. వెళ్ళేసరికి అప్పయమ్మ లేదు.

దినవారాలయ్యాక తల్లి తలుపులమ్మ పక్కన చేరింది.

"మాయమ్మ నీకేటో శానా సెప్పినాదట. నాకెప్పుడూ సెప్పనేదు. ఓపాలి ఆ టేపు ఎట్టవే, ఇంటాను."

లోవలక్ష్మి ఉన్నమాటే చెప్పింది: "సెరిపేశానమ్మా."

"పోన్లే. నువ్విన్నావు కదా. నువ్వే సెప్పు."

ఆ రోజు లోవలక్ష్మి ఎదురుగానే కూర్చుంది, నిజమే. కానీ ఆ సేపంతా చూపు రికార్డర్ ముల్లు మీదే ఉంది, గొంతు ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తగ్గిందో అని. ఏదో ఏరు, ఎవరో అక్క... అంతకుమించి ఒక్క మాటా గుర్తురాలేదు. తలుపులమ్మ లేచి పశువులకు కుడితి పెట్టడానికి వెళ్ళిపోయింది. మిగిలిన ఆ రెండు సెకన్లు తల్లికి వినిపించే ధైర్యం లోవలక్ష్మికి చాలలేదు.

ప్రాజెక్టుకు మంచి మార్కులొచ్చాయి. పరిశోధనకు ఉండమని గురువుగారన్నా ఉండలేదు. లెక్చరరుగా చేరి ఆ పాఠమే చెప్పింది. సెలవులకు ఊరొచ్చినప్పుడల్లా అప్పయమ్మ ఈడు ముసలమ్మల దగ్గర కూర్చుని, "మా అమ్మమ్మ సిన్నప్పుడు ఎలాగుండేదే?" అని అడిగేది. తలో మాటా చెప్పేవారు. ఆ రోజు గానుగ దగ్గర అప్పయమ్మ చెప్పింది వాటిలో ఏదో, అసలుందో లేదో, ఆమెకు తెలిసే దారి లేకపోయింది.